ప అడిగితే వ అంది

పోయిన నెల ఇదే శీర్షికలో మాటవరసకు ‘మరిచిపోవడం కూడా మెదడు చేసే పనే’ అని రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు ఇన్నేళ్లలో దేనికీ రాలేదు. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి వరండాలో కూర్చుని మూడు సాయంత్రాలు చదివాను. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు. నాలుగు తీసుకున్నాను.

ప్రశ్న: చిత్తూరులో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను, ఈసీఈ. మెదడులో జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో కంప్యూటర్‌లో మోడల్ కట్టి చూసే రీసెర్చ్ ఉందని విన్నాను. టెన్త్ తర్వాత బయాలజీ ముట్టుకోలేదు. మాలాంటి మామూలు కాలేజీ పిల్లలకు అందులో అవకాశం ఉంటుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదులుకుంటానేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్.
— విద్యార్థిని, చిత్తూరు

ఉంటుందమ్మా. బయాలజీ రాకపోవడం పెద్ద అడ్డమేమీ కాదు. మొదట్లో నాకూ రాదు, నేను ఫిజిక్సు మనిషిని. నేనెలా ఇందులో పడ్డానో చెబితే నీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

1994. నేను పనిచేసే కాలేజీలో కంప్యూటర్లున్నది ఒక్క గదిలోనే. చెప్పులు బయట విడిచి వెళ్లాలి. ఏసీ మనకోసం కాదు, వాటికోసం. 1982లో జాన్ హాప్‌ఫీల్డ్ అనే భౌతికశాస్త్రవేత్త రాసిన పేపరొకటి ఎవరో జిరాక్స్ తీసి ఇచ్చారు. అది చదివి ఉండబట్టలేక టర్బో సీలో ఒక ప్రోగ్రాం రాశాను. నిలువు ఎనిమిది, అడ్డం ఎనిమిది, మొత్తం 64 చుక్కల గడి. ఒక్కో చుక్క ఒక్కో న్యూరాన్, అంటే మెదడులోని నాడీకణం, అనుకో. వెలిగితే నలుపు, లేకపోతే తెలుపు. ఆ చుక్కలతో తెలుగు అక్షరం గీయాలి. ప్రతి రెండు చుక్కల మధ్యా ఒక బంధం ఉంటుంది, లెక్కేస్తే 2016 బంధాలు. అక్షరంలో రెండు చుక్కలదీ ఒకే రంగైతే వాటి బంధం కాస్త బలపడుతుంది, వేరువేరు రంగులైతే తగ్గుతుంది. నేర్చుకోవడమంటే అంతే. ఆ తర్వాత అక్షరాన్ని సగం చెరిపేసి ఇస్తే, ప్రతి చుక్కా మిగతావాటి మాట విని తన రంగు మార్చుకుంటూ పోతుంది. కొద్దిసేపటికి అన్నీ కుదురుకుని పూర్తి అక్షరం కనిపిస్తుంది. గోళీ దొర్లుకుంటూ వెళ్లి దగ్గర్లో ఉన్న గుంటలో పడ్డట్టు.

‘అ’, ‘క’, ‘న’, ‘స’ పెట్టినంతవరకూ బ్రహ్మాండంగా నడిచింది. ‘న’ని సగం తుడిచేసి ఇచ్చినా ‘న’ అనేది. ఆ ధైర్యంతో ‘ప’, ‘వ’ కూడా కలిపాను. ఇక చూసుకో. ‘ప’ అడిగితే ‘వ’ అంది. ‘వ’ అడిగినా ‘వ’ అంది. ఒక్కోసారి మూడక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టుండే వింత ఆకారం తెచ్చి అదే జవాబని కూర్చుంది. ‘ప’కీ ‘వ’కీ తేడా ఏముంది? తలకట్టు అతుక్కుంటే వ, విడిగా ఉంటే ప. నా గడిలో అది నాలుగైదు చుక్కల తేడా. రెండూ ఒకే గుంటలో పడిపోయాయి. ఒకటో తరగతి పిల్లలు పలకమీద చేసే తప్పే ఇది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిషను సరిగ్గా చెప్పినప్పుడు ఇంత సంబరం కలగలేదు.

లెక్క ప్రకారం ఇలాంటి నెట్‌వర్క్ దాచగలిగేది దాని న్యూరాన్ల సంఖ్యలో దాదాపు 14 శాతం బొమ్మల్నే. 1985లో అమిత్, గుట్‌ఫ్రాయిండ్, సొంపొలిన్‌స్కీ అనే ముగ్గురు భౌతికశాస్త్రవేత్తలు తేల్చిన సంగతి ఇది. 64 న్యూరాన్లకు తొమ్మిది. అదీ బొమ్మలకు ఒకదానితో ఒకటి పోలిక లేకపోతేనే. నావి ఆరు దాటకముందే చతికిలబడ్డాయి, పోలిక ఉంది కాబట్టి. మన జ్ఞాపకాలన్నీ పోలిక ఉన్నవే కదా. నిన్న స్కూటర్ ఎక్కడ పెట్టాం, ఇవాళ ఎక్కడ పెట్టాం? చోటు అదే, స్కూటర్ అదే, మనిషీ అదే. మరి మెదడు ఎలా నెట్టుకొస్తోంది?

నీ రంగంలోకి తలుపు అదే. కణతల లోపలి వైపు, రెండు పక్కలా హిప్పోకాంపస్ అనే భాగం ఉంటుంది. అందులో సీఏ3 అనే చోట న్యూరాన్లు ఒకదానితో ఒకటి విపరీతంగా అల్లుకుని ఉంటాయి, అచ్చం నా 64 చుక్కల్లా. కొంచెం చూపిస్తే మిగతాది పూరించే పని అక్కడ జరుగుతుందని డేవిడ్ మార్ అనే శాస్త్రవేత్త 1971లోనే సిద్ధాంతం కట్టాడు. దానికి ముందు డెంటేట్ గైరస్ అనే వాకిలి ఉంది. ఎలుకలోనే ఒక్కో వైపు అక్కడ సుమారు 10 లక్షల న్యూరాన్లు. కానీ ఒక్కసారికి మాట్లాడేవి బహు కొద్ది. పోలిక ఉన్న రెండు సంగతులు వచ్చినా, వాటికి వేరువేరు న్యూరాన్ల గుంపులు పలికేలా విడదీసి లోపలికి పంపడం ఆ వాకిలి పని అని చాలామంది నమ్మకం. అంటే ‘ప’ని, ‘వ’ని విడదీసే పంతులమ్మ అన్నమాట.

అందుకని నీకు నా సలహా ఇది. ముందు ఆ 64 చుక్కల గడిని పైథాన్‌లో నువ్వే కట్టు. ఒక్క ఆదివారం పని. ఎవరో రాసిపెట్టిన కోడ్ లైబ్రరీలు దిగుమతి చేసుకోకు, బంధాల పట్టిక నీ చేత్తోనే రాయి. ‘ప’, ‘వ’, ‘ష’, ‘ఘ’ పెట్టి పాడుచెయ్. తర్వాత ముందు ఒక వాకిలి కట్టు: వెయ్యి న్యూరాన్లు తీసుకుని, 64 చుక్కల నుంచి వాటికి ఎలాపడితే అలా బంధాలు వేసి, అందులో బాగా గట్టిగా పలికిన ఓ నలభైనే వెలగనివ్వు. ఆ నలభైతో తయారైన బొమ్మను నిల్వచెయ్. అంత కొద్దిమందే వెలుగుతున్నప్పుడు నిల్వ సూత్రం కాస్త మార్చుకోవాలి. ఎందుకు మార్చాలో నువ్వే కనిపెడితే మరీ మంచిది. ‘ప’, ‘వ’ విడిపోతాయి. కానీ ఇప్పుడు కొత్త చిక్కు: కాస్త చెరిగిన ‘ప’ని కూడా అది కొత్త అక్షరం అనుకుంటుంది. విడదీయడం ఎక్కువైతే గుర్తుపట్టడం తగ్గుతుంది. ఎక్కడ ఆపాలి? దీని మీద ఇవాళ్టికీ పేపర్లు వస్తూనే ఉన్నాయి.

ఇంకో చిక్కు చెబుతాను, నాకు ఇష్టమైనది. కలిసి పలికే న్యూరాన్ల మధ్య బంధం బలపడుతుందని 1949లో డొనాల్డ్ హెబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అన్నాడు. తర్వాత కొలిచి చూస్తే, రెండు న్యూరాన్లు కొన్ని పదుల మిల్లీసెకన్ల తేడాలో పలికితేనే బంధం మారుతోందని తేలింది. మన అనుభవం అలా ఉండదు కదా! వీధి మలుపు తిరిగిన మూడు సెకన్ల తర్వాత కుక్క మీదపడితే ఆ మలుపే గుర్తుంటుంది. 2017లో జెఫ్ మేగీ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల హిప్పోకాంపస్‌లో సెకన్ల తేడాను కూడా కలిపే కొత్త పద్ధతి ఒకటి కనిపెట్టింది. ఆ పద్ధతి పెడితే నా పాత గడి ఎలా ప్రవర్తిస్తుంది, ఎన్ని దాస్తుంది, ఏది ముందు మరుస్తుంది? ఇలాంటి ప్రశ్నలకు ల్యాబ్ అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, మాత్రికల లెక్కలు, అవకలన సమీకరణాలు, కాస్త సంభావ్యత ఉంటే చాలు. నీ ఈసీఈలో సిగ్నల్స్ పేపరు చదివావు చూడు, అది ఇక్కడ బంగారం.

న్యూరాన్‌ను ఇంకా నిజానికి దగ్గరగా కట్టాలనుకుంటే బ్రయన్, నెస్ట్, న్యూరాన్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం. బ్రయన్‌తో మొదలుపెట్టు, పైథాన్‌లాగే ఉంటుంది. 2020లో మొదలైన న్యూరోమ్యాచ్ అకాడమీ వేసవిలో ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతుంది, ఆ పాఠాలు తర్వాత కూడా ఉచితంగా దొరుకుతాయి.

ఇక ఎక్కడ అంటావా, నువ్వు అమెరికా వైపు చూస్తున్నావేమో, ముందు చెన్నై బస్సు చూడు. మద్రాస్ ఐఐటీలో శ్రీనివాస చక్రవర్తి ఎన్నో ఏళ్లుగా ఈ పనే చేస్తున్నారు. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో ఉపీందర్ భల్లా బృందం, న్యూరాన్ల పనిని కంప్యూటర్‌లో అనుకరించే మూస్ అనే సిమ్యులేటర్‌నే తయారుచేసింది. ఐఐఎస్సీలో రిషికేశ్ నారాయణన్ హిప్పోకాంపస్ న్యూరాన్ల మీద, పుణే ఐసర్‌లో సుహితా నాద్కర్ణి న్యూరాన్ల మధ్య బంధాల మీద మోడళ్లు కడతారు. జ్ఞాపకం, దాని మోడళ్ల మీదే ‘క్యాంప్’ అనే వేసవి బడి బెంగళూరులో నడిచింది, మళ్లీ ఎప్పుడుందో కనుక్కో. 2015లో తిరుపతిలో మొదలైన ఐఐటీ, ఐసర్ రెండూ ఇప్పుడు మన ఏర్పేడులోనే ఉన్నాయి. అక్కడ ఎవరు ఏం చేస్తున్నారో వాళ్ల పేజీలు ఒక్కొక్కటీ తెరిచి చదువు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కు బీటెక్ వాళ్లు కూడా పెట్టుకోవచ్చు. దరఖాస్తులు ముందు ఏడాది చివర్లోనే తీసుకుంటారు, మార్చిలో గుర్తొస్తే లాభం లేదు.

మెయిల్ సంగతి. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ హైలీ ప్యాషనేట్’ అని అరవై మందికి ఒకే మెయిల్ కొట్టకు. మా వీధి కుర్రాడు ఒకడు అలా కొట్టి, ఒక మేడంకు ‘సర్’ అని పంపాడు. ముగ్గురికి రాయి చాలు. ‘మీ ఫలానా పేపర్లోని మోడల్‌ను నేను మళ్లీ కట్టి చూశాను, మూడో బొమ్మ నాకు రాలేదు, నా కోడ్ ఇది, ఎక్కడ తప్పాను?’ అని అడుగు. అలాంటి మెయిల్ రోజూ వచ్చేది కాదు.

ఇంట్లో టెన్షన్ విషయానికొస్తే, వాళ్ల భయం తప్పని నేననను. పీహెచ్‌డీ అంటే ఐదారేళ్లు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు, ఇంటి అద్దె అలవెన్సు వేరే. ఐటీ జీతంతో పోలిస్తే తక్కువే. అయితే ఈ పని నేర్చుకున్నవాళ్లకు మెషిన్ లెర్నింగ్ కొత్త కాదు, ఆ ఉద్యోగాల తలుపు మూసుకుపోదు. నాన్నకు ఈ మాట చెప్పు. గేట్ కూడా రాస్తానని చెప్పు, రాయి కూడా.

అన్నట్టు, అప్పట్లో నేను ఈ అక్షరాల సంగతి మీద పీహెచ్‌డీ చేస్తానంటే ఒక పెద్దాయన ‘ఇది ఫిజిక్సు కాదమ్మా’ అని ఫైలు పక్కన పెట్టేశారు. 2024లో ఫిజిక్సు నోబెల్ హాప్‌ఫీల్డ్‌కీ, జెఫ్రీ హింటన్‌కీ ఇచ్చారు. ఆ సాయంత్రం ఆయనకు ఫోన్ చేద్దామా అనిపించింది. నంబరు ఇంకా గుర్తుంది. చేయలేదు.

ప్రశ్న: మా మామగారికి 74 ఏళ్లు. పొద్దున ఏం తిన్నారో చెప్పలేరు. నలభై ఏళ్ల కిందట ఏడు గంగల జాతరలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో మాత్రం పూసగుచ్చినట్టు చెబుతారు. ఈమధ్య గుడి నుంచి ఇంటికొచ్చే దారి రెండుసార్లు తప్పారు. మమ్మల్ని సాధించడానికి నాటకమాడుతున్నారని మా ఆయన అంటారు. నిజమేనా?
— గృహిణి, శ్రీకాళహస్తి

నాటకం కాదమ్మా. మీ ఆయనకు ఈ పేజీ చదివి వినిపించండి.

పాతది ఉండి కొత్తది నిలవకపోవడం ఎలా సాధ్యమో 1953లో అమెరికాలో తెలిసింది. హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల అతనికి మూర్ఛలు తగ్గించాలని రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలాభాగం తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తర్వాత 2008లో చనిపోయేవరకూ కొత్తగా జరిగినవేవీ ఆయన మనసులో నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఆయన్ను పరీక్షించింది, ప్రతిసారీ తనెవరో మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చేది. చిన్నప్పటి సంగతులు మాత్రం చెప్పేవాడు. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయమంటే రోజురోజుకీ చెయ్యి తిరిగింది, నిన్న గీసిన సంగతి మాత్రం గుర్తులేదు.

దీన్నుంచి 1995లో మెక్‌క్లెలాండ్, మెక్‌నాటన్, ఓరైలీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక మోడల్ కట్టారు. హిప్పోకాంపస్ చిత్తు పుస్తకం లాంటిది, చూసింది చూసినట్టు గబగబా రాసుకుంటుంది. మెదడు పైపొర పెద్ద ఖాతా, నిదానంగా ఎక్కించుకుంటుంది. నిద్రలో చిత్తులోంచి ఖాతాలోకి కొంత కొంత ఎక్కుతుంది. నేరుగా పెద్ద ఖాతాలోనే గబగబా రాస్తే ఏమవుతుంది? మోడల్‌లో రాసి చూశారు, పాతదంతా చెరిగిపోయింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినా నా చెయ్యి ఇప్పటికీ అడ్రసులో ‘చిత్తూరు జిల్లా’ అనే రాస్తుంది. విసుగొస్తుంది గానీ, ఒక్కరోజులో మారిపోయే మెదడైతే దాంతోపాటు చంద్రగిరి, పాకాల అన్నీ కలగాపులగం అయ్యేవి. (చిత్తూరు అమ్మాయి ఇది కూడా చదవాలి.)

మీ మామగారి జాతర ఖాతాలో ఉంది, పొద్దున తిన్న ఇడ్లీ చిత్తులోనే నిలవలేదు. దారి తప్పడం ఇంకాస్త ముఖ్యమైన సంగతి. ఫలానా చోటికి వచ్చినప్పుడే పలికే న్యూరాన్లు హిప్పోకాంపస్‌లో ఉన్నాయని 1971లో జాన్ ఓకీఫ్ కనిపెట్టాడు. దాని పక్కనే ఎంటోరైనల్ భాగంలో చోటుకు గళ్లు గీసినట్టు పలికే న్యూరాన్లను మోజర్ దంపతులు 2005లో చూశారు. ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. ఆల్జీమర్స్ జబ్బు ముందుగా దెబ్బతీసే చోట్లలో ఆ ఎంటోరైనల్ భాగం ఒకటి. అందుకే తెలిసిన దారిలో తప్పిపోవడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. థైరాయిడ్ తేడా, బీ12 తక్కువ కావడం, కొన్ని మందులు, దిగులు, ఇవి కూడా మతిమరుపు తెస్తాయి. వీటికి చికిత్స ఉంది. ఈ వారంలోనే తిరుపతిలో న్యూరాలజీ డాక్టరుకు చూపించండి. ఆయన వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. చొక్కా జేబులో ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంచండి. ‘ఇప్పుడేగా చెప్పాను’ అని మాత్రం అనకండి.

ప్రశ్న: తిరుమల ధర్మగిరి వేదపాఠశాల పిల్లలు పుస్తకం చూడకుండా గంటలకొద్దీ చెబుతారు. వాళ్ల మెదడు మనలాంటిది కాదా? ఏ కంప్యూటరైనా అలా చెప్పగలదా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, చంద్రగిరి

మాస్టారూ, కంప్యూటర్‌కు చెప్పడం కష్టం కాదు, తడబడడం కష్టం. మెదడు మోడల్ కట్టేవాళ్లకు కావలసింది ఆ తడబాటే.

హర్యానాలోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌లో 21 మంది వేదపండితుల మెదళ్లను స్కాన్ చేసి, మరో 21 మందితో పోల్చారు. పండితుల్లో భాషకు, జ్ఞాపకానికి సంబంధించిన భాగాలు కొన్ని మందంగా కనిపించాయి, హిప్పోకాంపస్‌తో సహా. వల్లెవేయడం వల్ల పెరిగాయా, అలాంటి మెదడున్నవాళ్లే చివరిదాకా నిలబడ్డారా అన్నది ఒక్క స్కాన్‌తో తేలదు.

నాకు ఇంకా ఆసక్తి ఆ పాఠాల కట్టుబడి మీద. క్రమం, జట, ఘన అని వేదం వల్లెవేసే పద్ధతులున్నాయి. క్రమపాఠంలో ఒకటి రెండు, రెండు మూడు, మూడు నాలుగు అని పదాలు జంటలుగా నడుస్తాయి. జటలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు. ఘనకు వచ్చేసరికి ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. ఒక పదం జారితే పక్కవాటితో పొసగక అక్కడికక్కడే దొరికిపోతుంది.

వరసగా చెప్పేదాన్ని మోడల్ చేయడంలో పెద్ద చిక్కేమిటో మా అమ్మ రోజూ పొద్దున చూపించేది. విష్ణు సహస్రనామంలో ‘అచ్యుతః ప్రథితః ప్రాణః ప్రాణదో వాసవానుజః’ అని ఒకచోట వస్తుంది. ఇంకొంత దూరం వెళ్లాక ‘వైకుంఠః పురుషః ప్రాణః ప్రాణదః ప్రణవః పృథుః’. పెద్దవయసులో ఆమె వైకుంఠం దగ్గర మొదలుపెట్టి, ప్రాణదః దగ్గరికొచ్చేసరికి వాసవానుజః వైపు మళ్లిపోయేది. మళ్లీ పాత శ్లోకాలే. వంటింట్లోంచి మేము ‘ప్రణవః’ అని అందించేవాళ్లం. ఇప్పుడు చెప్పే పదం మాత్రమే తర్వాతి పదాన్ని లాగుతుందనుకుంటే, ప్రాణదః దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎటు పోవాలో తెలియాలంటే వెనక వైకుంఠం నుంచి వచ్చామన్న గుర్తు లోపల ఎక్కడో సన్నగా నడుస్తూ ఉండాలి. హిప్పోకాంపస్ ఈ గుర్తును ఎలా మోస్తుందన్నది మంచి పరిశోధనాంశం. మన పాఠశాలల్లో తడబాట్లను రికార్డు చేసి, పునరుక్తి ఉన్నచోటే జరుగుతున్నాయా అని లెక్కేస్తే ఒక థీసిస్‌కు సరిపోతుంది. అధ్యాపకుల అనుమతితో సుమా. మీకు అక్కడ తెలిసినవాళ్లుంటే నాకు రాయండి.

ప్రశ్న: లెక్కల సూత్రాలు పరీక్ష హాల్లో మరిచిపోతున్నాను. హిప్పోకాంపస్ పెరగడానికి మాత్రలు ఉంటాయా మేడం? టీవీలో చూపిస్తున్నారు.
— పదో తరగతి, పలమనేరు

వద్దు నాన్నా. ఆ డబ్బుతో అమ్మచేత వేరుశనగ ఉండలు చేయించుకో.

1885లో ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాలు తనే వల్లెవేసి, తనే ఎంత మరిచిపోయాడో లెక్క రాశాడు. ఒకే రోజు గుద్దినదానికంటే రోజులు విడదీసి చదివింది ఎక్కువ నిలుస్తుందని అప్పుడే తేల్చాడు. కాబట్టి సూత్రాన్ని పదిసార్లు చూసి చదవకు. ఒకసారి చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద రాయి. రేపు మళ్లీ, నాలుగు రోజులకు మళ్లీ. రానప్పుడు తల గోక్కుంటావు చూడు, నేర్చుకోవడం అప్పుడే జరుగుతుంది. పరీక్ష ముందు రాత్రి నిద్ర మానకు, చిత్తు పుస్తకంలోది ఖాతాలోకి ఎక్కేది అప్పుడే అని పైన రాశాను.

ఉత్తరానికి జవాబు విడిగా కూడా పంపుదామనుకున్నాను. కవరు మీద పేరు రాశావు, ఊరు రాశావు, వీధి రాయడం మరిచావు. మళ్లీ రాయి.